మెట్టినిల్లు ఒక దీవి

చరిత్ర ధారావాహిక: సంకెళ్ల తర్వాత – 6

పాఠం నడుస్తుండగానే పిల్లలు గుంపులు గుంపులుగా లేచేవారు. టీచరుకు మోకాళ్లు వంచి మర్యాదగా నమస్కారం చేసేవారు. ఆపైన చక్కగా పక్క చేలోకి పోయి బ్లాక్‌బెర్రీ పళ్లు కోసుకు తినేవారు. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు తిరిగొచ్చి, మళ్లీ అదే మర్యాదతో నమస్కరించి తమ చోట్లో కూర్చునేవారు. గదిలో మిగిలినవాళ్లలో కొందరు పడుకుని నిద్రపోయేవారు, కొందరు తన్నుకునేవారు. టీచరు చెప్పేది పిల్లలకు అర్థమయ్యేది కాదు. పిల్లలు అనేది టీచరుకూ అంతే.

1862లో అమెరికాలోని దక్షిణ కరొలైనా తీరాన, సెయింట్ హెలీనా అనే దీవిలో బడి తొలిరోజులు ఇలా గడిచాయని లారా మటిల్డా టౌన్ రాసిపెట్టింది. నెపోలియన్ ప్రాణం విడిచిన సెయింట్ హెలీనా వేరు, ఇది వేరు. లారా రాతలో కోపం కన్నా నవ్వే ఎక్కువ. నిజానికి ఆ పిల్లలు చేసిన తప్పేముంది? బడి అన్నదాన్ని వాళ్లు పుట్టి చూసి ఎరగరు. వాళ్ల అమ్మానాన్నలూ ఎరగరు. ఎరగకుండా ఉండటానికి ఆ రాష్ట్రం చట్టమే చేసింది. బానిసలకు రాత నేర్పడాన్ని 1740లోనే నిషేధించారు. 1834లో దానికి చదవడాన్ని కూడా చేర్చారు. నేర్పినవాడు తెల్లవాడైతే 100 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు. స్వేచ్ఛ ఉన్న నల్లవాడైతే 50 కొరడా దెబ్బల వరకు. అక్షరాలు దిద్దించడం నేరమైన గడ్డ మీద, ఆ చట్టం పుట్టిన 28 ఏళ్లకు, ఒక దొరసాని పలకలూ బలపాలూ పట్టుకుని దిగింది.

ఆమె ఎలా దిగిందో చెప్పే ముందు గత సంచికను ఒకసారి గుర్తు చేసుకుందాం. అమెరికా అంతర్యుద్ధంలో, 1861 నవంబరు 7న, ఉత్తరాది నౌకాదళం పోర్ట్ రాయల్ రేవు మీద ఫిరంగులు పేల్చింది. దీవుల్లోని పత్తి దొరలు వండిన వంట వండినట్టే వదిలి లోపలి ఊళ్లకు పారిపోయారు. బానిసల్ని కూడా తోలుకుపోదామని చూశారు గానీ చాలామంది కదల్లేదు. తుప్పల్లో, చిత్తడి నేలల్లో దాక్కున్నారు. అలా దాదాపు 10,000 మంది యజమాని లేకుండా మిగిలారు. ఆ రోజును దీవి జనం ‘పెద్ద ఫిరంగుల మోత రోజు’ అని తరతరాలు చెప్పుకున్నారు.

దొరలు పోయారు సరే, ఈ జనం ఎవరు? బానిసలా, పౌరులా? వాషింగ్టన్‌కు కూడా తెలియదు. అప్పటికి వాడుకలో ఉన్న మాట ‘కాంట్రాబ్యాండ్’, అంటే యుద్ధంలో శత్రువు దగ్గర పట్టుబడ్డ సరుకు. మనిషిని సరుకు అన్న పాత లెక్కనే కొత్త ప్రభుత్వమూ తాత్కాలికంగా అరువు తెచ్చుకుందన్నమాట. ఆర్థిక మంత్రి శాల్మన్ చేజ్‌కు మాత్రం ఈ దీవుల్లో రెండు సంగతులు కనిపించాయి. మొదటిది పత్తి. ‘సీ ఐలాండ్’ పత్తి పింజ పొడవు, నునుపు. అప్పట్లో లోకంలో అంత ధర పలికే పత్తి మరొకటి లేదు. రెండోది ఈ మనుషుల భవిష్యత్తు. కూలి డబ్బులిస్తే వీళ్లు కొరడా లేకుండా పని చేస్తారా, చదువు చెబితే వస్తుందా అన్నది తేల్చడానికి ఎడ్వర్డ్ పియర్స్ అనే యువ న్యాయవాదిని పంపాడు. దీనికే ‘పోర్ట్ రాయల్ ప్రయోగం’ అని పేరు. ఇన్నేళ్లూ ఎండలో పనిచేసింది ఎవరో తెలిసీ, వీళ్లు పని చేస్తారా అని ప్రయోగం పెట్టడం ఈనాడు చదువుతుంటే వింతగానే ఉంటుంది.

(ఆ యుద్ధం మన వైపుకూ వచ్చింది, తుపాకుల రూపంలో కాదు, ధరల రూపంలో. అమెరికా పత్తి ఆగిపోయేసరికి లాంకషైర్ మిల్లులు మన దేశం వైపు తిరిగాయి. గుంటూరు, కర్నూలు, బళ్లారి ప్రాంతాల పత్తికి రేటు వచ్చింది, కాకినాడ రేవు పుంజుకుంది.)

1862 మార్చిలో ‘అట్లాంటిక్’ అనే ఓడ మీద 53 మంది ఉత్తరాదివాళ్లు దిగారు. వాళ్లలో 12 మంది ఆడవాళ్లు. చాలామంది భక్తిపరులు, కాలేజీ చదువులవాళ్లు, పత్తి మొక్కను దగ్గర నుంచి చూడనివాళ్లు. సైనికులు వాళ్లకు ‘గిడియన్ దండు’ అని వెక్కిరింపు పేరు తగిలించారు. లారా టౌన్ ఆ దండులో రాలేదు. నెల తర్వాత, ఏప్రిల్ 9న, దీవి జనానికి సాయం చేసే ఫిలడెల్ఫియా సంఘం తరఫున ‘ఓరియంటల్’ అనే ఓడ ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 36. పుట్టింది పిట్స్‌బర్గ్‌లో, పెరిగింది బోస్టన్‌లోనూ ఫిలడెల్ఫియాలోనూ. పెళ్లి చేసుకోలేదు. సొంత ఆస్తి మీద రాబడి ఉంది గనుక జీతం మీద ఆధారపడాల్సిన పని లేదు. బానిసత్వాన్ని చర్చి వేదిక మీదే ఎండగట్టిన విలియం ఫర్నెస్ అనే పాస్టర్ ప్రసంగాలు వింటూ పెరిగింది. వైద్యం నేర్చుకుంది, అదీ హోమియో. గురువు కాన్‌స్టంటైన్ హెరింగ్. మన దగ్గర హోమియో డాక్టర్లకు ‘హెరింగ్ సూత్రం’ కంఠోపాఠం; ఆ హెరింగే.

ఓడ దిగిన నాటి నుంచే ఆమె ఇంటికి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. ఇల్లంటే అక్కచెల్లెళ్లు. దాంతోపాటు డైరీ. ఈ రెంటినీ కలిపి, ఆమె పోయిన తర్వాత, 1912లో రూపర్ట్ సార్జెంట్ హాలండ్ పుస్తకంగా తెచ్చాడు. 1862 నుంచి 1884 దాకా ఇరవై రెండేళ్ల రాతలు. పోర్ట్ రాయల్ గురించి ప్రభుత్వ నివేదికలు బోలెడున్నాయి, పత్రికల్లో వ్యాసాలూ ఉన్నాయి. నివేదిక రాసేవాడికి ముందే తెలిసిన జవాబు ఒకటి ఉంటుంది. తోబుట్టువుకు రాసే ఉత్తరంలో ఆ బెడద లేదు. దోమలూ, ఈగలూ, మంచాల్లోని పురుగులూ, ఎవరు ఎవరితో పోట్లాడారు, ఏ దొడ్లో ఎవరికి జ్వరం, పెట్టెల్లో ఏం పంపాలి, ఏం పంపకూడదు... అన్నీ దొర్లుతాయి. మధ్యలో చరిత్ర కూడా దొర్లుతుంది. ఇంకో మేలేమంటే ఉత్తరం రాసినావిడ తప్పులు ఉత్తరంలోనే ఉండిపోతాయి. చెరిపేద్దామంటే అప్పటికే తపాలాలో పోయి ఉంటాయి.

మొదటి తప్పు మొదటి నెలలోనే చేసింది.

దీవి జనం ప్రార్థన ముగిశాక కుర్చీలు గోడకు జరిపి, గుండ్రంగా తిరుగుతూ, చప్పట్లు కొడుతూ, పాదం నేలకు రాస్తూ గంటల తరబడి పాడేవారు. దాన్ని ‘షౌట్’ అంటారు. లారాకు అది చూసి ఒళ్లు జలదరించింది. ఇది దైవారాధన ఎలా అవుతుంది, ఏదో పాత విగ్రహారాధన మిగిలి ఉన్నట్టుంది అని ఇంటికి రాసింది. బానిసత్వాన్ని అసహ్యించుకునే మనిషి కూడా ఆఫ్రికా అనేసరికి ముఖం చిట్లించింది. కొన్నేళ్లకు, 1867లో, ఈ దీవుల్లో తిరిగిన ముగ్గురు – విలియం అలెన్, చార్లెస్ వేర్, లూసీ మెకిమ్ గారిసన్ – అక్కడి పాటలు పోగుచేసి ‘స్లేవ్ సాంగ్స్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్’ అని అచ్చువేశారు. నల్లవాళ్ల పాటలకు తొలి సంకలనం అదే. వినే చెవిని బట్టి ఉంటుంది మరి.

ఆమె మొదటి ఉద్యోగం బడి కూడా కాదు. పోప్ కుటుంబం వదిలిపోయిన ‘ది ఓక్స్’ ప్లాంటేషన్ ఇంట్లో పియర్స్ కచేరీ పెట్టాడు. అక్కడ వచ్చేపోయేవాళ్లకు భోజనాలు చూడటం, ఉత్తరాది నుంచి పెట్టెల్లో వచ్చిన బట్టల్ని జనానికి తక్కువ ధరకు అమ్మడం, గుర్రబ్బండి మీద ప్లాంటేషన్లు తిరిగి మందులివ్వడం ఆమె పనులు. బట్టలు ఊరికే పంచకుండా అమ్మడం ఎందుకంటే, ముష్టి అలవాటు కాకూడదని పైవాళ్ల ఆలోచన. కానీ ప్రభుత్వం ఇవ్వాల్సిన కూలి డబ్బులు నెలల తరబడి ఇవ్వలేదు. డబ్బు చేతికి రానివాళ్లకు బట్టలు అమ్మడం ఎలాగో పైవాళ్లు చెప్పలేదు.

పనిలో చేరేముందు ఒక హితబోధ కూడా జరిగింది: సైన్యంలో చాలామందికి బానిసత్వ వ్యతిరేకులంటే గిట్టదు, మీరు ఆ ఉద్యమం మనుషులని బయట చెప్పుకోకండి అని. లారా ఒప్పుకోలేదు. తాము వచ్చిందే ఆ పనికి, దాన్ని దాచిపెట్టేదేముంది అన్నది ఆమె పట్టు. ఈ ఉద్యమం కబురు మన దేశం దాకా వచ్చింది. 1873లో జ్యోతిరావు ఫూలే తన ‘గులాంగిరి’ని నీగ్రో బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు.

మే నెల 12వ తేదీ డైరీ మాత్రం నవ్వుతూ చదవగలిగేది కాదు. జనరల్ డేవిడ్ హంటర్ నల్ల సైనిక దళం కట్టాలనుకున్నాడు. ఉద్దేశం మంచిదే. పద్ధతి మాత్రం పాత దొరలదే. తెల్లవారకముందే సైనికులు ప్లాంటేషన్ల మీద పడి, పొలాల్లో ఉన్న వయసు మగవాళ్లను పట్టుకుపోయారు. ఎక్కడికో, ఎన్నాళ్లకో ఎవరికీ చెప్పలేదు. క్యూబాలో అమ్మేయడానికే ఈ ఉత్తరాది యాంకీలు వచ్చారని పారిపోతూ దొరలు పుట్టించిన పుకారు దీవుల్లో బతికే ఉంది. ఆడవాళ్ల ఏడుపులు, అడవిలోకి పరిగెత్తే మగవాళ్లు – ఇదంతా ఆమె కళ్ల ముందు జరిగింది. పియర్స్ గట్టిగా నిరసన తెలిపాడు. అదే హంటర్ అంతకు మూడు రోజుల ముందు, మే 9న, ఈ రాష్ట్రాల్లో బానిసలంతా స్వేచ్ఛాజీవులని ప్రకటించాడు. మే 19న అధ్యక్షుడు లింకన్ ఆ ప్రకటనను రద్దు చేశాడు. పది రోజుల వ్యవధిలో ఆ జనం ఒకసారి స్వేచ్ఛ పొందారు, ఒకసారి బలవంతంగా సైన్యానికి పోయారు, ఒకసారి మళ్లీ ఎటూ కాకుండా పోయారు.

జూన్‌లో ఎలెన్ ముర్రే వచ్చింది. లారాకు ప్రాణస్నేహితురాలు. ఆ రాకతో ఉత్తరాల గొంతే మారుతుంది. ఒంటరితనం పోతుంది, ‘నేను’ పోయి ‘మేము’ వస్తుంది. జూన్ 18న ‘ది ఓక్స్’ ఇంటి వెనక గదిలో ఎలెన్ బడి తెరిచింది. విద్యార్థులు తొమ్మిది మంది, అందరూ పెద్దవాళ్లే. పొలం పని ముగించుకుని వచ్చి, పత్తి తీసి కాయలు కాచిన వేళ్లతో పుస్తకం మీద అక్షరాన్ని వెతికి పట్టుకునేవాళ్లు. ఆ శరత్తుకల్లా గది చాలలేదు. దగ్గర్లోని ఇటుకల చర్చికి మార్చారు. ఆ చర్చి 1855లో కట్టింది బానిసలే; కట్టినవాళ్లు కూర్చోవాల్సింది పై అటక మీద, కింద బల్లల మీద దొరలు. ఇప్పుడు ఆ కింది బల్లల మీద 80 మంది పిల్లలు.

ఒకే హాలు, అడ్డుగోడలు లేవు. ఒక మూల అక్షరాలు, ఇంకో మూల లెక్కలు, మరో మూల భూగోళం. ఒక్కో టీచరు పక్క టీచరును మించి గొంతు పెంచాల్సి వచ్చేది. మన వీధిబడి ఎక్కాల హోరు విన్నవాళ్లకు ఇది కొత్త కాదు. భాష సంగతి ఇంకో చిక్కు. దీవి జనం మాట్లాడేది గల్లా – పశ్చిమ ఆఫ్రికా భాషల ఎముకల మీద ఇంగ్లీషు కండ పెరిగిన భాష. (మన గల్లాపెట్టెకూ దీనికీ చుట్టరికం లేదు.) దాన్ని టీచర్లు పాడైపోయిన ఇంగ్లీషు అనుకున్నారు, సరిదిద్దాలని చూశారు. అది దానికంటూ వ్యాకరణం ఉన్న భాష అని పండితులు ఒప్పుకోవడానికి ఇరవయ్యో శతాబ్దం కావలసి వచ్చింది. లారా ఉత్తరాల్లో మాత్రం దీవి జనం మాటలు వాళ్ల ఉచ్చారణలోనే, తనకు వినిపించినట్టే రాసి ఉంటాయి. ఎగతాళి కోసం రాసిందో, ముచ్చటపడి రాసిందో చెప్పడం ఒక్కోచోట కష్టం.

అక్టోబరులో షార్లట్ ఫోర్టెన్ వచ్చింది. ఫిలడెల్ఫియాలో పేరున్న నల్లజాతి కుటుంబం. తాత జేమ్స్ ఫోర్టెన్ ఓడల తెరచాపలు కుట్టించే వ్యాపారంలో ధనవంతుడైనవాడు. ఆమెకు 25 ఏళ్లు, కవిత్వం రాస్తుంది, ఫ్రెంచి వచ్చు. తమ రంగు టీచరును చూసి దీవి జనం పొంగిపోతారని అందరూ అనుకున్నారు. లారా ఉత్తరం వేరే కథ చెబుతుంది. ఇంట్లో పనిచేసే పెద్దావిడలకు ఈ పిల్ల మింగుడు పడలేదు. తెల్ల దొరసానులకు చేసే సేవ ఈమెకు ఎందుకు చేయాలి? ఆమె గది ఊడవడానికి బతిమాలాల్సి వచ్చింది. ఒకరోజు షార్లట్ పియానో ముందు కూర్చుని వాయించింది. అంతటితో వాళ్ల నోళ్లు మూతపడ్డాయి, కొన్నాళ్లకు ఆమె అందరికీ ముద్దుబిడ్డ అయింది. వివక్ష ఎంత లోతుకు దిగుతుందో చెప్పే ఇలాంటి ముక్క ఏ సర్కారు నివేదికలోనూ దొరకదు. ఆ క్రిస్మస్‌కు పిల్లలు పాడుకోవడానికి షార్లట్ అడిగితే కవి విటియర్ ప్రత్యేకంగా ఒక పాట రాసి పంపాడు. పిల్లలకు ఆమె హైతీ వీరుడు టూసాన్ లూవెర్చూర్ కథ చెప్పేది. లారా పాఠాల్లో టూసాన్ కనిపించడు. ఎవరికి ఎవరి కథ గుర్తొస్తుందన్నది కూడా చరిత్రే.

1863 జనవరి 1. లింకన్ విముక్తి ప్రకటన అమలులోకి వచ్చిన రోజు. బ్యూఫోర్ట్ దగ్గర క్యాంప్ శాక్స్‌టన్‌లో, పెద్ద ఓక్ చెట్ల నీడన సభ. కొమ్మల నుంచి జడల్లా బూడిదరంగు నాచు వేలాడుతోంది. ఎద్దుల్ని నిలువునా కాల్చి వండారు. తాగడానికి పీపాల్లో మొలాసిస్, అల్లం, వెనిగర్ కలిపిన నీళ్లు. వెనిగర్ ఒక్కటి తీసేస్తే మన శ్రీరామనవమి పానకమే. లారా, షార్లట్ ఇద్దరూ వెళ్లారు. నల్ల సైనిక దళం కర్నల్ హిగిన్సన్ జెండా అందుకున్నాడో లేదో, ఎవరూ అడగకుండానే జనంలోంచి ఒక ముసలి గొంతు ‘నా దేశం’ అని మొదలయ్యే దేశభక్తి గీతం ఎత్తుకుంది. పక్కనున్న ఆడవాళ్లు అందుకున్నారు. వేదిక మీద తెల్లవాళ్లు కూడా గొంతు కలపబోతే హిగిన్సన్ చేత్తో ఆపాడు. ‘నా దేశం’ అని వాళ్లు అనడం అదే మొదటిసారి. ఆ దళంలోని సైనికులు కవాతు లేని వేళల్లో అక్షరాల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవారని కూడా హిగిన్సన్ రాశాడు.

మరి దీవి జనం అడిగిందేమిటి? ఉత్తరాలు వరుసగా చదివితే రెండే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి: చదువు, నేల. టీచర్లు మొదటిదానికి వచ్చారు. రెండోదాని బరువు వాళ్లకు మెల్లగా అర్థమైంది. పత్తి దొరలు పారిపోయాక జనం చాలాచోట్ల పత్తి గింజ తీసే యంత్రాలను విరగ్గొట్టి, మొక్కజొన్న వేసుకున్నారు. పత్తి అంటే దొర, కొరడా. మొక్కజొన్న అంటే అన్నం. ప్రభుత్వం మాత్రం పత్తే వేయమంది. పన్ను కట్టని భూములని 1863 మార్చిలో ప్లాంటేషన్లను వేలం వేసింది. ఎడ్వర్డ్ ఫిల్‌బ్రిక్ అనే బోస్టన్ మనిషి పదకొండు ప్లాంటేషన్లు ఒక్కడే కొన్నాడు. అక్కడక్కడా దీవి జనం తలా కొంత వేసుకుని ఉమ్మడిగా కొనుక్కున్నారు. 1864 జనవరిలో, మీరు సాగుచేస్తున్న నేల మీద మీరే హద్దురాళ్లు పాతుకోండి అన్నారు. నెల తిరక్కముందే ఆ మాట వెనక్కి తీసుకున్నారు.

అయినా ఈ దీవికి ఒక అదృష్టం పట్టింది. యుద్ధం ముగిశాక అధ్యక్షుడు జాన్సన్ పాత దొరలకు క్షమాభిక్ష పెట్టి చాలాచోట్ల భూములు తిరిగి ఇప్పించాడు. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ 15వ నంబరు ఆజ్ఞతో నల్లవాళ్లకు ఇచ్చిన తీర భూములు అలాగే పోయాయి. సెయింట్ హెలీనాలో మాత్రం వేలంపాట దస్తావేజులు అడ్డుపడ్డాయి. దొరలు తిరిగొచ్చేసరికి వాళ్ల పొలాలు పది ఎకరాల చెక్కలై, నిన్నటి బానిసల పేర్ల మీద ఉన్నాయి. లారా బడి ఎందుకు బతికిందంటే, టీచర్ల పట్టుదల సగం కారణం. పిల్లల్ని బడికి పంపే తల్లిదండ్రులు సొంత నేల మీద నిలబడి ఉండటం మిగతా సగం.

బడి భవనం మాత్రం ఓడలో వచ్చింది. ఫిలడెల్ఫియాలో చెక్క పలకలు కోసి, లెక్కపెట్టి, ముక్కలు ముక్కలుగా పంపారు. చర్చికి ఎదురుగా, రోడ్డు అవతల నిలబెట్టారు. బడి నేల హేస్టింగ్స్ గాంట్ అనే విముక్తుడి దగ్గర కొన్నది. ఆ తర్వాత అతను రాష్ట్ర శాసనసభకు కూడా వెళ్లాడు. పెన్సిల్వేనియావాళ్లు పంపారు గనుక పెన్ స్కూలు. దానికొక గంట కూడా వచ్చింది. ఫిలడెల్ఫియాలోని స్వాతంత్ర్య గంట మీద ఉన్న బైబిలు మాటే దీని మీదా పోతపోశారు.

కొత్త భవనంలో 1865 జనవరిలో బడి మొదలైంది. సరిగ్గా ఆ చలికాలంలోనే షెర్మన్ సైన్యం వెంట జార్జియా నుంచి నడిచొచ్చిన వేలమంది నిర్వాసితులు దీవుల మీదికి చేరారు. కాళ్లకు చెప్పులు లేవు, ఒంటి మీద బట్టలు లేవు. రోగాలు, చావులు. లారా సగం రోజు బడిలో, సగం రోజు మందుల సంచితో తిరిగింది. ఆ నెలల ఉత్తరాలు పొట్టివి. సంగతులు లేక పొట్టివి కావు.

ఏప్రిల్‌లో లింకన్ హత్య వార్త వచ్చింది. ఆ వారం గురించి ఆమె రాసిన సంగతి ఒకటి మరిచిపోలేనిది. ఫ్రాగ్‌మోర్ ప్లాంటేషన్‌లోని నల్ల పాస్టర్ ఆదివారం ప్రార్థనలో, అధ్యక్షుడు చనిపోయిన మాట నిజమని తెలిస్తే సంతాపం పాటిస్తాం, కానీ అది నిజమని అనుకోలేకపోతున్నాం, కాబట్టి ఆగి చూద్దాం అన్నాడట. తెల్లవాళ్ల మాటను తరతరాలుగా జల్లెడ పట్టి బతికిన జాతి ఇంకెలా మాట్లాడుతుంది?

యుద్ధం అయిపోయింది. వచ్చినవాళ్లలో చాలామంది సర్దుకుని వెళ్లిపోయారు. షార్లట్ ఆరోగ్యం బాగోక 1864లోనే వెళ్లింది. ఉత్తరాదిలో ఉత్సాహం చల్లబడింది. విరాళాలు తగ్గాయి. 1871కల్లా ఫిలడెల్ఫియా సంఘం చేతులెత్తేసింది. జర్మన్‌టౌన్‌లోని బెనెజెట్ సొసైటీ కొంత ఆదుకుంది, మిగతాది లారా సొంత డబ్బు. ఆమె, ఎలెన్ కలిసి ఫ్రాగ్‌మోర్ ఇంటినే కొనుక్కుని అక్కడే ఉండిపోయారు. ఇక్కడ నుంచి ఉత్తరాలు మరోలా ఉంటాయి. మొదట్లో ‘ఇంటికి ఎప్పుడు వస్తానో’ అన్న ధోరణి ఉండేది. ఇప్పుడు తోట, ఆవులు, పైకప్పు మరమ్మతు, పూలమొక్కలు. మన ఆడపిల్లలు పెళ్లయిన కొత్తలో ‘మా ఇల్లు’ అంటే పుట్టిల్లు. ఏ రోజున ఆ మాట అర్థం మారిందో వాళ్లకే తెలియదు. పెళ్లి కాని లారా విషయంలోనూ అదే జరిగింది. ఎండాకాలం ఫిలడెల్ఫియా వెళ్లివస్తుంది, చుట్టపుచూపుగా.

బడిలో ఏం చెప్పేవారు? బోస్టన్ పిల్లలకు ఏం చెబుతారో అదే: చదవడం, రాయడం, లెక్కలు, వ్యాకరణం, చరిత్ర, భూగోళం. 1870 తర్వాత టీచర్ శిక్షణ కూడా. నల్లవాళ్లకు చేతిపనులు చాలు, పుస్తకాలు దేనికి అన్న వాదం ఆ రోజుల్లో దొరలదే కాదు, దాతలది కూడా. లారా దానికి లొంగలేదు. పెన్ స్కూల్లో చదివిన పిల్లలు చుట్టుపక్కల పల్లె బడుల్లో టీచర్లయ్యారు. ఆమె చనిపోయిన తర్వాత బడిని చేతిపనులకు పెద్దపీట వేసే హాంప్టన్ పద్ధతికి మళ్లించి, పేరులోనే ‘పారిశ్రామిక, వ్యవసాయ’ అన్న మాటలు చేర్చారు. బతికుంటే ఏమనేదో ఊహించడం కష్టం కాదు.

1877 తర్వాత దక్షిణాదిలో పాత దొరల రాజ్యం తిరిగొచ్చింది. ఉత్తరాల్లో రాజకీయం పెరిగింది, కోపం కూడా పెరిగింది. 1878 నవంబరులో రాసిన ఉత్తరాన్ని చరిత్రకారులు ఇప్పటికీ ఉదహరిస్తారు. రాబర్ట్ స్మాల్స్ గుర్తున్నాడు కదా? 1862 మే 13న తెల్లవారుజామున ‘ప్లాంటర్’ అనే దక్షిణాది ఓడను చార్లెస్టన్ రేవు నుంచి దొంగిలించుకొచ్చి, భార్యాబిడ్డలతో సహా స్వేచ్ఛ సంపాదించినవాడు. తర్వాత కాంగ్రెస్ సభ్యుడయ్యాడు. గిల్లిసన్‌విల్ అనే ఊళ్లో అతని ఎన్నికల సభ మీదికి ‘ఎర్రచొక్కాలు’ అనే తెల్ల గుర్రపు దండు వందల సంఖ్యలో వచ్చింది. నల్ల ఆడవాళ్ల మీద చేయిచేసుకున్నారు. మగవాళ్ల తలల మీది టోపీలు ఎగరగొట్టారు. స్మాల్స్ తన మనుషులతో ఒక కొట్టులో దూరి తలుపులు వేసుకున్నాడు. కబురు పొలాల్లోకి పాకింది. నల్లవాళ్లు, మగా ఆడా, చేతికి దొరికింది పట్టుకుని నలుదిక్కుల నుంచీ బయల్దేరేసరికి దండు వెనక్కి తగ్గింది. ఆ ఎన్నికలో స్మాల్స్ ఓడిపోయాడు. 1862లో షౌట్ చూసి ముఖం తిప్పుకున్న మనిషి, 1878లో ఈ జనం పక్షాన, వాళ్ల నోటి మాటగా, పూసగుచ్చినట్టు రాసిన ఉత్తరమిది.

అచ్చయిన ఉత్తరాలు 1884తో ఆగిపోతాయి. అందుకే 1893 ఆగస్టు 27 రాత్రి ఆ పుస్తకంలో లేదు. ఆ రాత్రి తుపానుకు సముద్రం దీవుల మీదికి వచ్చింది. దాదాపు 2,000 మంది పోయారు, ఎక్కువమంది నల్ల రైతులే. క్లారా బార్టన్ రెడ్‌క్రాస్ దళంతో వచ్చి నెలల తరబడి ఉంది. 1977 నవంబరు దివిసీమను చూసినవాళ్లకు ఆ ఉదయం ఎలా ఉండి ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత కూడా బడి గంట మోగింది.

ఈ పుస్తకంలో ఒక ఖాళీ ఉంది. ఇరవై రెండేళ్లు ఒక వైపు నుంచే వింటాం. ఆ తొమ్మిది మంది పెద్దవాళ్లు మొదటిరోజు రాత్రి ఇంటికెళ్లి ఏం చెప్పుకున్నారు? బ్లాక్‌బెర్రీలు తిన్న పిల్లలు టీచరు గురించి ఏమని నవ్వుకున్నారు? చరిత్రకారిణి విల్లీ లీ రోజ్ 1964లో ‘రిహార్సల్ ఫర్ రీకన్‌స్ట్రక్షన్’ రాసినప్పుడు కూడా ఎక్కువగా ఆధారపడాల్సి వచ్చింది ఇలాంటి తెల్లవాళ్ల ఉత్తరాల మీదే. రాత నేరమైన చోట జ్ఞాపకం పాటల్లో, కథల్లో ఉంటుంది. గ్రంథాలయంలో బీరువా తెరిస్తే దొరకదు.

లారా టౌన్ 1901 ఫిబ్రవరి 22న ఫ్రాగ్‌మోర్ ఇంట్లో ఫ్లూ జ్వరంతో పోయింది. వచ్చి 39 ఏళ్లు కావడానికి రెండు నెలలు తక్కువ. శవపేటికను కంచరగాడిద లాగే మామూలు బండి మీద పెట్టి పోర్ట్ రాయల్ రేవు దాకా తీసుకెళ్లారు. వెనక వందల మంది దీవి జనం, ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లూ, వాళ్ల పిల్లలూ, తమ పాటలు తాము పాడుకుంటూ పడవ దాకా నడిచారు.

(సశేషం. వచ్చే సంచికలో: షార్లట్ ఫోర్టెన్ డైరీ)